తాటాకు చిలకల పగ

నేను బీకాం పాసైన ఏడాది మా పిన్ని మా అమ్మని అవమానించింది. దానికి బదులు తీర్చుకునే రోజు కోసం చాలా ఏళ్ళు కాచుక్కూర్చున్నాను. ఆ రోజు వచ్చింది, తీర్చుకున్నాను. మొదట్నించీ చెబుతాను.

మాది కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి షాలిమార్ గూడ్సు యార్డులో కలాసీగా చేరాడు. బరువులు మోయడం, వ్యాగన్లు తగిలించడం, ఏది చెబితే అది. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మా అమ్మ, చిన్నది పిన్ని. ఇద్దరూ కలాసీ లైన్లో ఒక్క గదిలో పెరిగారు. అమ్మ ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, రైల్వేలోనే పనిచేసే మా నాన్నని చేసుకుంది. పిన్ని చదువులో చురుకు. కాలేజీకి వెళ్ళింది, డిగ్రీ పూర్తిచేసింది. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద కలకత్తా వచ్చిన బ్యాంకు ఆఫీసరొకాయన ఆమెని చూసి ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. బాబాయి మెత్తని మనిషి. వాళ్ళు సాల్ట్ లేక్‌లో ఫ్లాటు కొనుక్కుని అక్కడే స్థిరపడ్డారు.

పెళ్ళయ్యాక పిన్ని మాట మారింది. మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. పిన్ని మా అమ్మని అక్కా అనడం మొదలుపెట్టింది. "ఏటి" పోయి "ఏమిటి" వచ్చింది. దానికి ఎవరం ఏమీ అనుకోలేదు. తన స్నేహితురాళ్ళ దగ్గర మాత్రం తన తండ్రి స్టేషన్ మాస్టరని చెప్పుకుంటోందని, ఒకసారి బాబాయి నోరు జారితే మాకు తెలిసింది. అమ్మ నవ్వేసింది.

"పోన్లే, సచ్చిపోయిన మనిషికి ప్రమోషనిచ్చింది" అంది.

పిన్ని తర్వాత మా వైపు డిగ్రీ పాసైన ఆడపిల్లని నేనే. నాన్న క్వార్టరు ముందు షామియానా వేసి అందరికీ భోజనాలు పెడదామనుకున్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. ఆ మురికి కాలవ పక్కన పార్టీ ఏమిటి, మా అపార్ట్‌మెంటు కింద మంచి హాలుంది, అక్కడ చేద్దాం అంది. అమ్మ సంబరపడింది. "మరైతే అలంకారమంతా నాది" అంది.

మా అమ్మమ్మ కూతుళ్ళిద్దరికీ తాటాకు అల్లడం నేర్పింది. తాటిచెట్టు నడిమి నుంచి అప్పుడే వస్తున్న లేత ఆకుని మొవ్వాకు అంటారు. వెన్నరంగులో ఉంటుంది, మెత్తగా వంగుతుంది. ఈనె తీసేసి, సన్నగా చీల్చి, చిలకలు, చేపలు, గొలుసులు అల్లుతారు. పసుపునీళ్ళలో ఉడకబెడితే బంగారంలా తేలుతుంది. నాన్న ఉలుబేరియా వైపు నుంచి లోకల్ రైల్లో ఆకు కట్టలు తెచ్చాడు. అమ్మ వంట ముగించుకుని అరుగు మీద కూర్చుంటే మళ్ళీ అన్నం వేళకే లేచేది. పాత టైంటేబుల్ కాగితాలు మడిచి పువ్వులు చేసింది. చిరిగిన నూలుచీరల అంచులు కత్తిరించి తోరణాలు కట్టింది. కొన్నది ఏదీ లేదు.

పార్టీ రోజు మేమిద్దరం ఆ కట్టలన్నీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని సాల్ట్ లేక్ వెళ్ళాం. మధ్యాహ్నమంతా నిచ్చెన ఎక్కి దిగి హాలంతా కట్టాం. ఫ్యాను గాలికి చిలకలు తిరుగుతుంటే అమ్మ కిందనుంచి చూసి, "మా అమ్మ చూస్తే బాగుణ్ణు" అంది. తర్వాత పైన ఫ్లాటుకి వెళ్ళి స్నానాలు చేసి, చీరలు కట్టుకుని కిందికి దిగాం.

హాల్లో ఒక్క చిలక లేదు. గులాబీ రంగు బెలూన్లు, మెరుపు పొడి చల్లిన థర్మోకోల్ అక్షరాలు, గోడ నిండా ప్లాస్టిక్ తళుకు తెరలు. పిన్ని మాకు ఎదురొచ్చి, "ఫోటోల్లో ఆకులు బాగా రావక్కా, అందుకని డెకరేటర్ని పిలిచాను, ఏమీ అనుకోకు" అంది. మేము కట్టినవన్నీ వెనక మెట్ల దగ్గర చెత్తడబ్బాల పక్కన పోగేసి ఉన్నాయి. పై అంతస్తు బెంగాలీ ఆవిడొకరు అటుగా వస్తూ ఆగి, ఇవేమిటి, ఎంత బాగున్నాయి, ఎవరు తెచ్చారు అని అడిగింది. పిన్ని బెంగాలీలో, "కాజేర్ మాషీర్ లోకేరా ఎనేఛే" అంది. పనమ్మాయి తాలూకు వాళ్ళు తెచ్చారని.

అమ్మ నా పక్కన రెండడుగుల దూరంలో ఉంది. ఆమె కలకత్తాలో పుట్టి పెరిగిన మనిషి, బెంగాలీ ఆమెకి తెలుగంత వచ్చు. కానీ ఆ మాట చెవిన పడిందో లేదో ఆమె మొహం చూస్తే తెలియలేదు. ఫోటోల్లో అందరితోపాటు నిలబడి నవ్వింది. ఏమీ తినలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ తాటాకు ముట్టుకోలేదు. పక్కింటివాళ్ళు పెళ్ళికి తోరణాలు అల్లమంటే, చేతులు నొప్పులని తప్పించుకునేది. ఆమె చేతులకి ఏ నొప్పీ లేదని నాకు తెలుసు.

పిన్ని ఆ రోజు పార్టీ చేసిన గొప్పని ప్రతి పండక్కీ చెప్పుకునేది. నేను వింటూ ఊరుకునేదాన్ని. ఊరుకోవడం వేరు, మరిచిపోవడం వేరు.

ఏళ్ళు గడిచాయి. నాకు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నాన్న పోయాడు. క్వార్టరు నా పేరు మీద వచ్చింది, అమ్మా నేనూ అక్కడే ఉంటున్నాం. పిన్ని కూతురు, నా పార్టీ నాటికి చిన్నపిల్ల, పెద్దదై పర్యావరణం మీద ఎమ్మెస్సీ చదివింది. తెలుగు ఇంట్లో మాట్లాడుతుంది గానీ చదవలేదు. మాట్లాడినా సగం బెంగాలీ. పరీక్షలు పాసైందని పిన్ని అదే హాల్లో పెద్ద పార్టీ పెట్టింది. కాలేజీ మేడములు, బ్యాంకు పెద్దలు, అపార్ట్‌మెంటు వాళ్ళు, అందరికీ పిలుపులు వెళ్ళాయి.

పిల్ల ఒక్కటే షరతు పెట్టింది. ప్లాస్టిక్ వద్దు, థర్మోకోల్ వద్దు, బెలూన్ ఒక్కటి కనబడినా తను కిందికి దిగదు. పిన్ని ఎవరో డెకరేటర్‌ని పిలిస్తే అతను ప్రకృతికి మేలు చేసే సామానని చెప్పి నమూనాలు పట్టుకొచ్చాడట. ప్రతి కాగితప్పువ్వూ ఒక్కో ప్లాస్టిక్ కవర్లో ఉంది. పిల్ల అతన్ని అక్కణ్ణించే పంపేసింది. పంపేసి తల్లితో, "నాకు పెద్దమ్మ చేసిన టియాపాఖీలే కావాలి" అంది. టియాపాఖీ అంటే చిలక. నా పార్టీ రోజున చెత్తడబ్బాల దగ్గర ఒక చిలకని ఏరుకుని, పొడైపోయేదాకా దాచుకుందట ఆ పిల్ల. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

పిన్ని ఫోన్ చేసింది. ఫోన్ నేనే ఎత్తాను. చెప్పాల్సింది చెప్పింది, మధ్యలో రెండు సార్లు నవ్వింది. అడిగి చెబుతానని పెట్టేసి అమ్మతో, "కుదరదని చెప్పేస్తాను" అన్నాను.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"కుదరదంటే దానికేటవుతాది? ఇంకోళ్ళని ఎట్టుకుంటాది. ఒప్పుకో."

"అమ్మా, మర్చిపోయావా?"

"ఒప్పుకోమన్నాను గానీ మర్చిపోయేనని అన్లేదు. ఒక్కదాన్నే సెయ్యలేనని సెప్పు. అదొచ్చి నా పక్కన కూకుని అల్లాలి. అలాగైతేనే."

నేను ఆమె వైపు చూశాను. ఎప్పటిలాగే చేటలో బియ్యం కదుపుతోంది. ఇన్నేళ్ళూ కోపం నాకొక్కదానికే ఉందనుకున్నాను.

ఆదివారం పిన్ని వచ్చింది. కారు మా క్వార్టర్ల లోపలికి రానివ్వకుండా మెయిన్ రోడ్డు మీదే ఆపి నడిచొచ్చింది. పట్టులాంటి చీర, చేతులకి గోరింటాకు రంగు నెయిల్ పాలిష్. అమ్మ అరుగు మీద చాప పరిచి ఉంచింది. పిన్ని కుర్చీ కోసం చూసింది. "చాప మీదే కూకోవాల. ఆకు కాళ్ళ మధ్యన పట్టుకోవాల, నీకు తెల్దేటి?" అంది అమ్మ. పిన్ని చీర సర్దుకుని చాప మీద కూర్చుంది. కూర్చోడానికి చాలా కష్టపడింది.

అమ్మ ఆమె చేతికి ఒక చీలిక ఇచ్చి, వెంటనే ఆపింది.

"గోళ్ళు తియ్యి."

"ఏమిటక్కా?"

"గోరు తగిల్తే ఆకు సీలిపోద్ది. తీసీ. ఒలే, ఆ బ్లేడట్టుకురా."

నేను బ్లేడు తెచ్చి పళ్ళెంలో పెట్టి పిన్ని ముందు ఉంచాను. పిన్ని నన్ను చూసింది, అమ్మని చూసింది. అమ్మ తన పనిలో ఉంది. పిన్ని ఆ పొడుగాటి గోళ్ళు ఒక్కొక్కటే తీసుకుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

ఆ పూట అమ్మ ఆమె చేత ఒక చేప అల్లించింది. అల్లడం పూర్తవగానే చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "తోక వదులు. విప్పు" అంది. పిన్ని విప్పి మళ్ళీ అల్లింది. "ఇప్పుడు నడుం వంకర. విప్పు." సాయంకాలానికి పిన్ని చీర నలిగి ముద్దయింది, వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. అటుగా పోతున్న మా లైన్లో ఆడవాళ్ళు ఆగి, "మీ చెల్లేటి? బాగున్నావా అమ్మా? మీ నాన్నని మా మాంగారు ఎరుగుదురు, ఇద్దరూ ఒక్క గ్యాంగు" అని పలకరించారు. పిన్ని తలూపింది. అమ్మ ప్రతి ఒక్కరినీ ఆపి మరీ పరిచయం చేసింది. వాళ్ళకి పిన్ని తెలియక కాదు.

రెండో ఆదివారం కథ కొంచెం మారింది. పిన్ని చేతులకి పాత పని గుర్తొచ్చింది. అమ్మ విప్పు అనడానికి వంక దొరకలేదు. మాటల మధ్యలో పిల్ల ఫోన్లో డిగ్రీ టోపీ బొమ్మ పంపింది, తాటాకుతో అలాంటిది అల్లగలరా అని. అమ్మ బొమ్మని దగ్గరకీ దూరానికీ పెట్టి చూసి, "ఇదేటి, నెత్తి మీద పీటెట్టుకున్నట్టుంది" అంది. పిన్ని పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ భుజాలు తగిలేలా వంగి, ఆ పీటకి అంచు ఎలా తిప్పాలో వాదించుకున్నారు. ఆ వాదనలో పిన్ని ఒకసారి అప్పా అనేసింది. అన్నానని ఆమెకే తెలియదు.

నాకు ఒళ్ళు మండింది. టీ ఇచ్చే వంకతో వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఆ సాయంత్రం పిన్ని వెళ్ళాక అమ్మతో, "బాగా కలిసిపోయారే" అన్నాను.

"దాని సెయ్యి మర్చిపోలేదే" అంది అమ్మ, తోరణం చుట్ట చుడుతూ.

"నోరు మర్చిపోయింది."

అమ్మ ఇంకో తోరణం అందుకుంది. నేను మాత్రం ఆ రాజీ ఎక్కువ దూరం పోకూడదని కోరుకున్నాను. ఇంత నిజాయితీగా నేను దేవుణ్ణి కూడా ఏమీ కోరుకోలేదు.

పార్టీ రోజు ఈసారి మా కోసం కారు వచ్చింది. చిలకలు, చేపలు, గొలుసులు, అమ్మ పాత నూలుచీరల తెరలు, బంతిపూలు పెట్టడానికి మట్టి టీ ముంతలు, జనపనార తాళ్ళు, విస్తరాకు ప్లేట్లు, అన్నీ సర్దుకుని ఎక్కాం. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కొత్తగా చేరిన కాపలా మనిషి కారు ఆపాడు. ముందు సీట్లో మమ్మల్ని తీసుకెళ్ళడానికొచ్చిన పిన్ని కూర్చునుంది. అతను వెనక కిటికీలోంచి ఆకుల మూటలు, మూటల మధ్యన మమ్మల్నీ చూసి, ఎవరు మీరు అని అమ్మని అడిగాడు.

పిన్ని ఏదో చెప్పబోయింది. అమ్మ ముందే జవాబు చెప్పింది, చాలా మామూలు గొంతుతో, బెంగాలీలో.

"పనమ్మాయి తాలూకు వాళ్ళం బాబూ."

అతను గేటు తీశాడు. పిన్ని మెడ వెనకనుంచి చెవుల దాకా ఎర్రగా మారడం నేను వెనక సీట్లోంచి చూశాను. ఆ మాట నా పార్టీ రోజున అమ్మ చెవిన పడిందన్నమాట. పడి ఇన్నేళ్ళూ అక్కడే ఉంది. నేను అమ్మ చెయ్యి పట్టుకోబోతే ఆమె మూట సర్దుకుంటూ నా చేతిని పక్కకి తోసింది.

ఆ మాటకి పిన్ని లొంగిపోయి, కిందికి దిగగానే అమ్మని క్షమించమని అడిగి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. అడగలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పి పైకి వెళ్ళిపోయింది. మేము పిల్లతో కలిసి హాలు కట్టాం. పిల్ల నిచ్చెన మీద, నేను కింద, అమ్మ కుర్చీలో కూర్చుని ఎక్కడేది కట్టాలో చెబుతూ. పసుపురంగు చిలకలు కప్పు నిండా వేలాడాయి. నడిమధ్యన తాటాకు టోపీ. గోడలకి అమ్మ చీరలు. ఒక్క మేకు కొట్టలేదు, ఒక్క టేపు ముక్క వాడలేదు, అంతా తాళ్ళతోనే. నిజం చెప్పాలంటే ఆ హాలు నా పార్టీ నాటి కంటే అందంగా ఉంది, ఆ అందం కూడా నాకు మంటగానే ఉంది.

చుట్టాలు, స్నేహితులు వచ్చారు. రాగానే ప్రతివాళ్ళూ తల ఎత్తి చూసేవారు. ఫోన్లు తీసేవారు. ఏ ఆకులు ఫోటోల్లో బాగా రావని చెత్తలో పడేశారో ఆ ఆకుల కింద జనం వంతులేసుకుని ఫోటోలు దిగారు. పిల్ల కాలేజీ మేడమొకావిడ, తెల్లజుట్టు, నెమ్మదైన మనిషి, ఒక చిలకని వేలితో తాకి చూసి, ఎవరు చేశారివి అని అడిగింది. నేనూ అమ్మా అక్కడే, చేతికందే దూరంలో ఉన్నాం. బాబాయి, పిల్ల, ఇంకా ఓ గుంపు చుట్టూ ఉంది.

పిన్ని చెప్పింది. మంచి బెంగాలీ ఆమెది. "మా ఇంట్లో ఆడపిల్లలకి ఇది తరతరాలుగా వస్తున్న కళ. మా నాన్నగారు స్టేషన్ మాస్టరుగా చేసేటప్పుడు బంగళా వెనక తాటితోపు ఉండేది. అమ్మ అక్కడ కూర్చోబెట్టి నాకు నేర్పింది. ఇవన్నీ నేనే చేశాను. అదిగో చూడండి నా వేళ్ళు." అందరూ ఆ వేళ్ళు చూశారు. మేడమ్ మా అమ్మ వైపు తిరిగి, మరి ఈవిడ అంది. పిన్ని ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆమెకి ఇంకో దారి ఉంది. "ఆవిడ కొంచెం సాయం చేశారు" అంది.

నేను గొంతు పెంచలేదు. వాళ్ళందరికీ తెలియాలని బెంగాలీలోనే చెప్పాను.

"సాయం చేసినావిడ ఈమె సొంత అక్క. ఒక్క కడుపున పుట్టారు. వీళ్ళ నాన్న స్టేషన్ మాస్టరు కాదు, షాలిమార్ యార్డులో కలాసీ. బంగళా లేదు, తోపు లేదు. కలాసీ లైన్లో ఒక్క గది. ఆ గది గచ్చు మీద వీళ్ళమ్మ ఇద్దరికీ ఇది నేర్పింది. నేను డిగ్రీ పాసైనప్పుడు మా అమ్మ ఇవే చిలకలు చేసి ఈ హాల్లోనే కట్టింది. మేము చీర మార్చుకుని వచ్చేలోపు ఈమె వాటిని తీయించి చెత్తడబ్బాల పక్కన పోయించింది. ఎవరు తెచ్చారని అడిగినవాళ్ళకి, పనమ్మాయి తాలూకు వాళ్ళని చెప్పింది. ఆ మాట మా అమ్మ విన్నది."

ఆ మాటలు నేను స్టేషన్‌కి నడిచేటప్పుడు, ఆఫీసులో కాగితాలు సర్దేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు లెక్కలేనన్ని సార్లు అనుకున్నవి.

పిల్ల తల్లిని అడిగింది. "మమ్మీ, నిజమేనా?"

పిన్ని ఆమెని చూడకుండా నా వైపు తిరిగింది. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట బెంగాలీ కాదు, బాబాయి దగ్గర నేర్చుకున్న తెలుగూ కాదు.

"ఒలే, నీకు సిగ్గు నేదేటే? నా ఇంటికొచ్చి నన్నే బజార్నెట్టీసినావా? ఏటి సేసేనే నీకు నాను?"

అమ్మ అప్పటిదాకా కదల్లేదు. ఇప్పుడు చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్ళకి మన మాట మాటాడినావు" అంది.

పిన్ని మెట్లెక్కి వెళ్ళిపోయింది. బాబాయి ఆమె వెనకే వెళ్ళబోయి, వచ్చినవాళ్ళని చూసి ఆగిపోయి, భోజనాలకి లేవండి అని అందరికీ చెప్పాడు. ఆ మేడమ్ ఒక కుర్చీ లాక్కుని మా అమ్మ పక్కన కూర్చుంది. చిలక ముక్కు ఎలా తిప్పుతారో అడిగింది. అమ్మ చూపించింది. తర్వాత విస్తరి తెప్పించుకుని లూచీ, చేపల కూర, సందేశ్, అన్నీ తిన్నది. రెండోసారి చేప వడ్డించుకుంది. ఆమె అలా తినడం చూస్తుంటే నాకు ఆకలి అనిపించలేదు. కడుపు నిండినట్టే ఉంది.

అక్కడున్న ఒక్కరు కూడా కలాసీ కూతురని పిన్నిని చిన్నచూపు చూసినట్టు నాకు కనిపించలేదు. వాళ్ళు గుసగుసలాడుకున్నది అక్క గురించి. పక్కనే ఉన్న సొంత అక్కని ఎవరో మనిషన్నట్టు చెప్పిందే అని. ఆమె జీవితమంతా దేన్ని దాచిందో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇది నేను వేసిన ఎత్తు కాదు. కానీ ఇంతకంటే మంచి ఎత్తు నేనెంత ఆలోచించినా తట్టేది కాదు.

మర్నాడు బాబాయి ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఆయనకి తిట్టడం రాదు. "అదంతా నాలుగ్గోడల మధ్య చెప్పుండొచ్చు కదమ్మా" అన్నాడు.

"నాలుగ్గోడల మధ్య చెబితే అక్కడే ఉండిపోతుంది బాబాయ్. మా అమ్మని అన్న మాట అక్కడ అనలేదు కదా."

ఆయన గొంతు తగ్గించి, మీ పిన్ని రెండు రోజుల్నించి గదిలోంచి బయటికి రావడం లేదన్నాడు. పార్టీ అయింది ముందు రోజే. పాపం, ఆయనకి అది రెండు రోజుల్లా గడిచి ఉంటుంది. ఆయన మీద జాలి కలిగింది. పిన్ని మీద కలగలేదు. కలుగుతుందేమోనని కొన్నాళ్ళు చూశాను కూడా.

తర్వాత వారం పిల్ల వచ్చింది, లోకల్ రైల్లో, ఒక్కత్తే. అమ్మ ఆమెని కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తిన్నాక పిల్ల నాతో, "అక్కా, నువ్వు చెప్పింది ఠీక్. కానీ అది నా పార్టీ. మీ గొడవ తీర్చుకోవడానికి నా పార్టీయే దొరికిందా?" అంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"మీ అమ్మ మొదలుపెట్టింది నా పార్టీలోనే" అన్నాను.

పిల్ల నన్ను చాలాసేపు చూసింది. నా దగ్గర ఇంకేదైనా మాట ఉందేమోనని చూసినట్టుంది. లేదు. ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. బాణం వేసినప్పుడు అడ్డంగా ఉన్నవాళ్ళకి గీసుకుంటుంది. దానికి నేను బాణాన్ని తిట్టుకోను. ఆ పిల్ల కూడా అక్కడితో వదిలేసి, అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని ఆకు చీల్చడం మొదలుపెట్టింది. తాతయ్య ఎలా ఉండేవారు, ఏ గదిలో ఉండేవారు అని అడిగింది. అమ్మ చెప్పింది. తర్వాత వారం కూడా వచ్చింది. ఇద్దరూ కలిసి షాలిమార్ వెళ్ళి ఆ లైను ఎక్కడుండేదో చూసొచ్చారు. గదులు ఇప్పుడు లేవు.

అమ్మ మళ్ళీ అల్లుతోంది. మా లైన్లో పెళ్ళికి, పక్క లైన్లో బారసాలకి. ఎవరు అడిగినా కాదనడం లేదు.

పిన్ని సంగతి ఈమధ్య మరో రకంగా తేలింది. ఇప్పుడామె తనే అందరికీ తన తండ్రి కలాసీ అని చెప్పుకుంటోందట. కష్టపడి పైకొచ్చిన కుటుంబమని, యార్డులో బరువులు మోసిన నాన్న తనని చదివించాడని, ఆడవాళ్ళ సమావేశాల్లో కళ్ళు తుడుచుకుంటూ చెబుతోందట. వినేవాళ్ళు మెచ్చుకుంటున్నారట. పిల్ల ఈ సంగతి చెప్పినప్పుడు నేను చేతిలో ఉన్న గ్లాసు గట్టిగా కింద పెట్టాను. ఆవిడ సిగ్గుతో తలవంచుకోవాలని నేను బయటపెట్టినదాన్ని కూడా ఆవిడ నగలా మెళ్ళో వేసుకుంది. అమ్మకి చెబితే పడీ పడీ నవ్వింది.

"నిజమే కదేటి సెప్తంది. నీకేటి బాద?"

"నిజాన్ని కూడా తనకే వాడుకుంటోంది."

"వాడుకోనీ. నన్ను అప్పని సెప్తందా నేదా?"

చెబుతోంది. ఆ మాట కూడా పిల్లే చెప్పింది. నాకు మా అప్ప ఉంది, సంత్రాగాఛిలో, అంటోందట.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. నేను ఎత్తాను. నా గొంతు గుర్తుపట్టి, "అమ్మకియ్యి" అంది. ఇచ్చాను. వాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించీ, ఇలిశ చేప ఈ ఏడు బాగా రాలేదనీ మాట్లాడుకున్నారు. క్షమాపణలేమీ లేవు. అమ్మ అడగలేదు. ఇప్పుడు ఆదివారాలు ఫోన్ వస్తుంది. అమ్మకి చెవి సరిగా వినిపించదన్న వంకతో నేను దాన్ని స్పీకర్లో పెట్టి, వాళ్ళ మాటలు అయిపోయేదాకా పక్కనే కూర్చుంటాను. మధ్యమధ్యలో దగ్గుతాను, నేనున్నానని పిన్నికి తెలియడానికి.